లాటిన్ నుంచి రోమాన్సు భాషలు: ఛత్తీస్‌గఢీ పక్కన పెట్టి చూస్తే

రోము నగరం చుట్టూ ఉన్న లాటియం అనే చిన్న సీమ భాష లాటిన్. సైన్యాల వెంట, వ్యాపారుల వెంట, కొలువు ముగిశాక పొలాలు దక్కించుకుని స్థిరపడిన సిపాయిల వెంట అది మధ్యధరా తీరమంతా పాకింది. సామ్రాజ్యం కూలినా మాట నిలిచింది. కాకపోతే సీమకో తీరుగా నిలిచింది. ఆ తీరులే కాలక్రమంలో ఇటాలియన్, ఫ్రెంచి, స్పానిష్, పోర్చుగీసు, రుమేనియన్, కాటలాన్, సార్డీనియన్ వగైరా భాషలయ్యాయి. వీటన్నిటినీ కలిపి రోమాన్సు భాషలంటారు. వీటిని తల్లిభాషగా మాట్లాడేవారు సుమారు 90 కోట్ల మంది.

ఇలాంటి కథే మన దేశంలోనూ జరిగింది. ప్రాచీన ఆర్యభాష ప్రాకృతాలుగా, ప్రాకృతాలు హిందీ, మరాఠీ, ఒడియా, బెంగాలీ, ఛత్తీస్‌గఢీలుగా మారాయి. ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చదవడానికి ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ ఉక్కు పట్టణం మంచి చోటు. ఇక్కడ వీధిలో ఛత్తీస్‌గఢీ వినబడుతుంది, కార్ఖానాలో హిందీ వినబడుతుంది, 1950ల నుంచి కోస్తా జిల్లాల వాళ్లు వచ్చి కాపురముంటున్న ఇళ్లలో తెలుగు వినబడుతుంది. ఈ మూడో భాష ప్రాకృతానికి కూతురు కాదు, అరువు పుచ్చుకున్న పొరుగింటిది. ఆ అరువే ఇక్కడ మనకు పనికొచ్చే సాక్ష్యం.

రెండు లాటిన్‌లు

సిసిరో, వర్జిల్ రాసిన లాటిన్ ఒకటి, అంగడిలో ఆడిన లాటిన్ ఒకటి. రోమాన్సు భాషలు పుట్టింది రెండోదాని నుంచి. దాన్ని ఎవరూ పనిగట్టుకుని రాయలేదు కనుక, రాసేవాళ్లు చేసిన తప్పులే మనకు ఆధారం. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలి పాంపేయి పట్టణం బూడిద కింద పడింది. అక్కడి గోడల మీద జనం గీకిన రాతల్లో మాట చివరి ‘మ్’ తరచుగా కనిపించదు. పలకనిదాన్ని రాయలేదన్నమాట. ఆ తర్వాతి కాలంలో ఎవరో ఉపాధ్యాయుడు ‘ఇలా అనాలి, అలా అనకూడదు’ అంటూ 227 మాటలతో ఒక పట్టీ తయారు చేశాడు. దానికి ‘ప్రోబస్ అనుబంధం’ అని పేరు. చెవికి ‘ఔరిస్’ అనాలి, ‘ఓరిక్ల’ అనకూడదని ఆయన మందలించాడు. ఆయన వద్దన్నదే గెలిచింది. ఇటాలియన్ ‘ఒరెక్కియో’, స్పానిష్ ‘ఒరేహ’, ఫ్రెంచి ‘ఒరెయ్’ అన్నీ ఆ ‘ఓరిక్ల’ సంతానమే. తప్పొప్పుల పట్టీ రాసిన పంతులుకు భాషా చరిత్ర ఇంతగా రుణపడిన సందర్భం మరొకటి లేదేమో.

మాటల ఎంపికలోనూ ఈ రెండు లాటిన్‌ల తేడా కనిపిస్తుంది. గుర్రానికి గ్రంథాల మాట ‘ఎక్వుస్’. జనం దాన్ని వదిలి, బరువులు మోసే గుర్రానికి వాడే ‘కబల్లుస్’ పట్టుకున్నారు. ఇటాలియన్ ‘కవాల్లొ’, ఫ్రెంచి ‘షెవల్’, స్పానిష్ ‘కబాయొ’ దాని నుంచి వచ్చాయి. మన దగ్గరా అంతే. ‘అశ్వం’ గ్రంథంలోనే ఉండిపోయింది, ‘ఘోటకం’ జనంలోకి వచ్చి ‘ఘోడా’ అయింది. తలకు లాటిన్‌లో ‘కపుత్’ అన్న మాట ఉండగా, కుండ అనే అర్థమున్న ‘తెస్త’ను సరదాగా వాడీ వాడీ ఫ్రెంచివాళ్లు ‘తెత్’ చేసుకున్నారు. సొరకాయ బుర్రను తలకు అంటగట్టిన తెలుగువాళ్లకు ఇది వింతగా తోచదు.

పాలు, అన్నం, నిప్పు

ధ్వనుల మార్పు దగ్గర రెండు కథలూ ఒకే బాట తొక్కాయి. లాటిన్‌లో పాలు ‘లాక్తె’. రెండు వేర్వేరు హల్లులను వరసగా పలకడం నోటికి బరువు కాబట్టి మొదటిది రెండోదానిలో కలిసిపోయి ఇటాలియన్‌లో ‘లాత్తె’ అయింది. కాఫీ దుకాణాల బోర్డుల మీద మనం చూసే మాట ఇదే. సంస్కృతంలో పాలు ‘దుగ్ధం’. అదే కారణంతో అది ప్రాకృతంలో ‘దుద్ధ’ అయింది. ఎనిమిదికి లాటిన్ ‘ఒక్తో’, ఇటాలియన్ ‘ఒత్తొ’. సంస్కృతం ‘అష్ట’, ప్రాకృతం ‘అట్ఠ’. ఏడుకు అటు ‘సెప్తెం’, ‘సెత్తె’. ఇటు ‘సప్త’, ‘సత్త’. ఒకరినొకరు ఎరగని రెండు జనసమూహాలు ఒకే పని చేశాయి, నోటి కండరాలు అందరికీ ఒకటే కనుక. ‘చల్ది’ని ‘చద్ది’ చేసుకున్న మనమూ ఆ పని చేసినవాళ్లమే.

ఇటాలియన్ జంట హల్లు దగ్గరే ఆగింది. ఉత్తర భారత భాషలు ఇంకో మెట్టు దిగాయి. జంటలో ఒకదాన్ని వదిలేసి, ఆ లోటు పూడ్చడానికి ముందున్న అచ్చును సాగదీశాయి. అలా ‘దుద్ధ’ ‘దూధ్’ అయింది, ‘సత్త’ ‘సాత్’ అయింది, ‘అట్ఠ’ ‘ఆఠ్’ అయింది. చివరి అచ్చు విషయంలో మాత్రం ఛత్తీస్‌గఢీ కొన్ని మాటల్లో హిందీ కంటే పాతకాలపుది. నిప్పు హిందీలో ‘ఆగ్’, ఛత్తీస్‌గఢీలో ‘ఆగీ’. కన్ను అక్కడ ‘ఆఁఖ్’, ఇక్కడ ‘ఆఁఖీ’. ప్రాకృతంలోని ‘అగ్గి’, ‘అక్ఖి’ల చివరి ఇకారం ఈ నేల మీద ఇంకా వినబడుతోంది. రాత్రికి ఇటాలియన్ ‘నొత్తె’ అనీ, ఫ్రెంచి చివరి అచ్చు జారవిడిచి ‘న్యుయి’ అనీ అంటాయి. ఆ రెంటికీ ఉన్న తేడా ఇలాంటిదే.

మధ్య మెట్టు ఎక్కడుంది? తెలుగింట్లో ఉంది. అగ్గిపెట్టెలోని ‘అగ్గి’ సంస్కృతం కాదు, అచ్చంగా ప్రాకృత రూపం. సుమారు రెండువేల ఏళ్ల కిందట శాతవాహనుల పాలనలో రాజభాష ప్రాకృతం. అప్పుడూ ఆ తర్వాతా ఇలాంటి మాటలు తెలుగులోకి దిగి, దిగిన రూపంలోనే గడ్డకట్టాయి. సంస్కృతంలో పంచిపెట్టిన అన్నానికి ‘భక్తం’ అని పేరు. అది ప్రాకృతంలో ‘భత్త’. తెలుగులో కూలికో ప్రయాణానికో ఇచ్చే ‘బత్తెం’ దాని రూపమే. ఛత్తీస్‌గఢీలో అది ‘భాత్’. వరి పండే ఈ రాష్ట్రంలో పూట గడిపే మాట అది. దీపపు ‘వర్తి’ తెలుగులో ‘వత్తి’, ఇక్కడ ‘బాతీ’. ‘శబ్దం’ ప్రాకృతంలో ‘సద్ద’, తెలుగులో ‘సద్దు’. బడిలో ప్రకృతి, వికృతి అని బట్టీ పట్టించే జంటల్లో చాలావాటి గుట్టు ఇదే. ‘వికృతి’ అన్న పేరు వాటికి అన్యాయం చేస్తుందని నా అభిప్రాయం. అవి చెడిపోయిన సంస్కృత పదాలు కావు, ఒక సజీవ భాష నుంచి సజీవంగా వచ్చిన పదాలు. 19వ శతాబ్దంలో బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరి కూడా సంస్కృతంతో పాటు ప్రాకృతాన్నీ మూలంగా గుర్తించాడు.

ఐరోపాలో ఈ పాత్ర జర్మన్‌ది. సీజర్ పేరును లాటిన్‌లో ‘కైసర్’ అని పలికేవారు. చాలా రోమాన్సు భాషల్లో ఆ ‘క’ మెత్తబడింది. ఇటాలియన్ ‘చేసరె’ అంటుంది, ఫ్రెంచి ‘సెజార్’ అంటుంది. చక్రవర్తికి జర్మన్‌లు వాడే ‘కైజర్’లో మాత్రం పాత ‘క’ చెక్కుచెదరలేదు. కూతుళ్లు పారేసుకున్న నగ పొరుగింటి పెట్టెలో దొరికిందన్నమాట.

రెండు అచ్చుల నడుమ పడిన హల్లుదీ ఇదే కథ. జీవితానికి లాటిన్ ‘వీత’. స్పానిష్‌లో ‘త’ మెత్తబడి ‘వీద’ అయింది, ఫ్రెంచిలో అసలే కరిగిపోయి ‘వీ’ అయింది. సంస్కృత ‘గత’ శౌరసేని ప్రాకృతంలో ‘గద’, మహారాష్ట్రీ ప్రాకృతంలో ‘గఅ’. హిందీ ‘గయా’ అక్కడి నుంచి వచ్చింది.

విభక్తులు పోయి, క్రియలు కొత్తగా పుట్టి

మాట చివరలు అరిగితే వ్యాకరణం అరుగుతుంది. లాటిన్‌లో నామవాచకం చివర చూస్తే అది కర్తో కర్మో తెలిసేది. ఆ చివరలు నోట్లో కరిగిపోయాక ఆ పనిని పదాల వరస, ‘దె’, ‘అద్’ వంటి చిన్న మాటలు నెత్తికెత్తుకున్నాయి. సంస్కృత విభక్తులకూ అదే గతి పట్టింది. ఛత్తీస్‌గఢీలో ‘మోలా పానీ దే’ అంటే ‘నాకు నీళ్లివ్వు’. ఆ ‘లా’ మన ‘కు’ చేసే పని చేస్తుంది. రోమాన్సు భాషల్లో ఈ చిన్న మాటలు నామవాచకానికి ముందు వస్తాయి, ఇక్కడ వెనక వస్తాయి. ద్రావిడ భాషల సాంగత్యం అందుకు ఒక కారణమని భావించిన భాషావేత్తలు ఉన్నారు.

భవిష్యత్ క్రియ కథ మరీ బాగుంటుంది. లాటిన్‌లో ‘పాడతాను’ అనడానికి ‘కాంతాబో’ అనే రూపం ఉండేది. జనం దాన్ని వదిలి ‘కాంతారె హాబెయొ’, అంటే ‘పాడవలసి ఉంది’ అనడం మొదలుపెట్టారు. రెండు మాటలూ అతుక్కుని ఇటాలియన్ ‘కాంతెరొ’, స్పానిష్ ‘కాంతరె’, ఫ్రెంచి ‘షాంతరె’ అయ్యాయి. ‘చేయవలసిన’ అన్న అర్థమున్న సంస్కృత ‘తవ్య’ ప్రత్యయం మన తూర్పు భాషల్లో సరిగ్గా ఈ తోవే పట్టింది. అది అరిగి ‘బ’గా మిగిలి భవిష్యత్తును చెప్పసాగింది. ‘మనం వెళ్తాం’ అనడానికి భిలాయ్ చుట్టుపక్కల పల్లెల్లో ‘జాబో’ అంటారు. అది విని లాటిన్ ‘కాంతాబో’తో చుట్టరికం కలపకూడదు. ఆ ‘బో’ వేరు, ఈ ‘బో’ వేరు. భాషల చుట్టరికాలు చెప్పేవాళ్లలో సగం మంది జారిపడే మెట్టు ఇదే. ‘అతను వెళ్తాడు’ అనేందుకు మాత్రం ఛత్తీస్‌గఢీ ‘జాహీ’ అంటుంది. అందులోని ‘హ’ సంస్కృత భవిష్యత్తులోని ‘ష్య’ అవశేషం. ఒకే భాషలో, ఒకే కాలానికి, ఒక పురుషకు పాత రూపం, మరో పురుషకు కొత్త రూపం.

లాటిన్‌లో ‘ఆ’ అనే అర్థమున్న ‘ఇల్లె’ అరిగి ఫ్రెంచి ‘ల’, ఇటాలియన్ ‘ఇల్’, స్పానిష్ ‘ఎల్’ అయింది. రుమేనియన్ దాన్ని మాట చివర తగిలించుకుంది. తోడేలు ‘లుప్’, ఆ తోడేలు ‘లుపుల్’. ఛత్తీస్‌గఢీలో ‘లైకా’ అంటే పిల్లాడు. తెలిసిన పిల్లాడైతే ‘లైకా హర్’. ఇదీ వెనక తగిలించేదే.

లింగం దగ్గర ఛత్తీస్‌గఢీ హిందీ కంటే దూరం వెళ్లింది. లాటిన్‌లోని మూడు లింగాలు చాలా రోమాన్సు భాషల్లో రెండయ్యాయి, సంస్కృతంలోని మూడు హిందీలో రెండయ్యాయి. ఛత్తీస్‌గఢీ క్రియకు ఆడామగా తేడా లేదు. పిల్లాడికీ పిల్లకూ ‘జాథే’ ఒకటే. హిందీని పీడించే ‘నే’ కూడా లేదు. ‘మైనే ఖాయా’ అనక్కర్లేకుండా ‘మైఁ ఖాయెఁవ్’ అంటే సరిపోతుంది. రొట్టె స్త్రీలింగం, అన్నం పుంలింగం అంటూ హిందీతో కుస్తీ పట్టే తెలుగు నోటికి ఇది పెద్ద ఊరట.

రెండో రాయి

తాము మాట్లాడేది లాటిన్ కాదని జనానికి ఎప్పుడు తెలిసింది? చాలాకాలం తెలియలేదనే చెప్పాలి. రాసిన లాటిన్‌ను ఎవరి యాసలో వాళ్లు చదువుకునేవారు. పాత తెలుగు పుస్తకాల్లో ‘వచ్చుచున్నాడు’ చూస్తూనే మన నోరు ‘వస్తున్నాడు’ అనుకోదూ, అలా. షార్లమాన్ చక్రవర్తి కాలంలో పండితులు ఉచ్చారణను సంస్కరించి, రాసిన ప్రతి అక్షరాన్నీ రాసినట్టే పలకాలన్నారు. దాంతో గుడిలో చదివేది జనానికి అర్థం కాకుండా పోయింది. శుద్ధి చేయబోతే చీలిక వచ్చిందని రోజర్ రైట్ అనే పండితుడు 1982లో వాదించాడు. అందరూ ఒప్పుకోకపోయినా, భాష తెగేది నాలుక మీద కాదు, బడిలో అన్న ఆ వాదన బలమైనది. మన గ్రాంథిక, వ్యావహారిక తగాదాను, గిడుగు రామమూర్తి పోరాటాన్ని ఎరిగినవాళ్లకు అది వెంటనే అర్థమవుతుంది.

ఆ ఇబ్బంది 813లో బయటపడింది. ఫ్రాన్సులోని తూర్ నగరంలో సమావేశమైన క్రైస్తవ మతాధికారులు, ప్రబోధాలను పల్లె జనపు రోమన భాషలోకో జర్మన్‌లోకో మార్చి చెప్పాలని తీర్మానించారు. 842 ఫిబ్రవరి 14న స్ట్రాస్‌బర్గ్‌లో షార్లమాన్ మనవలిద్దరు పొత్తు ప్రమాణాలు చేశారు. జర్మన్ మాట్లాడే లూయీ తమ్ముడి సైన్యానికి అర్థమవ్వాలని రోమాన్సులో, చార్లెస్ అన్న సైన్యం కోసం జర్మన్‌లో పలికారు. నితార్డ్ అనే చరిత్రకారుడు ఆ మాటలను ఉన్నవున్నట్టు రాసిపెట్టాడు. ఫ్రెంచి భాష తొలి పత్రంగా చెప్పుకునేది దాన్నే.

ఛత్తీస్‌గఢ్‌లో ఇలాంటి ఘట్టం దంతెవాడలో, రాతి మీద, 1703లో జరిగింది. బస్తర్ రాజు దిక్పాల్‌దేవ్ దంతేశ్వరి గుళ్లో ప్రశస్తి వేయించాడు. రాసినవాడు మైథిల పండితుడు భగవాన్ మిశ్ర. ఒక రాయి మీద సంస్కృతం. కలియుగంలో సంస్కృతం చదివేవాళ్లు కొద్దిమందే ఉంటారు కనుక రెండో రాయి మీద ‘భాఖా’లో రాస్తున్నామని ఆ రెండో రాయే చెబుతుంది. ఛత్తీస్‌గఢీ తొలి లిఖిత నమూనాగా స్థానిక చరిత్రకారులు చూపేది దీన్ని. తూర్ మతాధికారుల మాటా, ఈ పండితుడి మాటా ఒకటే: చదివినా అర్థం కానివాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలి. తెలుగువాళ్లకు ఇందులో మరో ఆసక్తి ఉంది. బస్తర్ రాజులు తాము ఓరుగల్లు కాకతీయుల వంశమని, ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు తమ మూలపురుషుడని చెప్పుకున్నారు. ఓరుగల్లు వారసులమన్నవాళ్లు సంస్కృతం పక్కన నిలబెట్టింది తెలుగును కాదు, ఆ నేల మాటను.

అంతకంటే చాలా పాత మెట్టు సర్గుజా జిల్లాలో ఉంది. రామగఢ్ కొండమీది జోగీమారా గుహలో, క్రీస్తు పూర్వపు బ్రాహ్మీ లిపిలో, సుతనుక అనే దేవదాసినీ ఆమెను ప్రేమించిన కళాకారుణ్నీ తలుచుకునే చిన్న రాత ఉంది. అందులో ఆమె పేరు ‘శుతనుకా’, రూపదక్షుడు ‘లుపదఖే’. ‘స’కు ‘శ’, ‘ర’కు ‘ల’ రావడం మాగధి ప్రాకృతపు గుర్తులు. నేటి ఛత్తీస్‌గఢీలో ఈ రెండూ లేవు. ‘ర’ నిలిచింది, ‘దేశం’ ‘దేస్’ అయింది. అందుకే పండితులు ఛత్తీస్‌గఢీని మాగధికి కాక, పడమటి భాషతో సగం కలిసిన అర్ధమాగధికి ముడిపెట్టారు. ధమ్‌తరీ ఉపాధ్యాయుడు హీరాలాల్ కావ్యోపాధ్యాయ్ 1885లో రాసిన ఛత్తీస్‌గఢీ వ్యాకరణాన్ని భాషావేత్త గ్రియర్సన్ 1890లో ఇంగ్లీషులో ప్రచురించాడు. తర్వాత తన భాషా సర్వేలో ఛత్తీస్‌గఢీని అవధీ, బఘేలీలతో కలిపి తూర్పు హిందీ అన్నాడు.

హద్దులు, పొరుగువాళ్లు

లిస్బన్ నుంచి దక్షిణ ఇటలీ దాకా పాతకాలంలో ఊరూరా నడిచి వెళ్తే, ఒక భాష ఎక్కడ ఆగి ఇంకోటి ఎక్కడ మొదలైందో చెప్పలేమని భాషావేత్తలంటారు. ఛత్తీస్‌గఢీ కూడా ఉత్తరాన బఘేలీలోకి, తూర్పున ఒడియా మాటల్లోకి, నైరుతిన మరాఠీలోకి కరుగుతూ పోతుంది. ఒడియావాళ్లు దీన్ని ‘లరియా’ అంటారు, బాలాఘాట్ వైపు ‘ఖల్టాహీ’ అంటారు. బస్తర్‌లో హల్బీ ఒడియా, మరాఠీ, ఛత్తీస్‌గఢీ లక్షణాలన్నీ కలుపుకుని తెగతెగల నడుమ సంత భాషగా నిలిచింది.

కింద ఉన్న పాత భాషలు పైకి వచ్చినదాన్ని రంగు మారుస్తాయి. ఫ్రెంచివాళ్లు 80ని ‘నాలుగు ఇరవైలు’ అంటారు. ఫ్రాన్సుకు పూర్వపు పేరైన గాల్ దేశపు పాత కెల్టిక్ లెక్క దానికి కారణమని చాలామంది నమ్మకం. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లోనూ ఇరవైకి ‘కోరీ’ అన్న మాట ఉంది. నాలుగు కోరీలు ఎనభై. ఇది ముండా భాషల నుంచి వచ్చిందని కొందరి ఊహ.

ఈ కథలో తెలుగు స్థానం బాస్కు భాషది. స్పెయిన్, ఫ్రాన్సుల నడుమ కొండల్లో ఉండే బాస్కు లాటిన్ మాటలు బోలెడు పుచ్చుకుంది, కూతురు మాత్రం కాలేదు. తెలుగుకు రక్తసంబంధమున్న భాషలు భిలాయ్‌కి దక్షిణాన అడవుల్లో ఉన్నాయి. గోండీలో రెండు ‘రండ్’, మూడు ‘ముండ్’, నాలుగు ‘నాలుంగ్’. తెలుగు, గోండీ, కువి ఒక శాఖవని భద్రిరాజు కృష్ణమూర్తి ధ్వని సూత్రాలతో నిరూపించారు. రైలు ప్రయాణంలో గోండీ విని ‘ఇదేం భాష’ అనుకునే తెలుగువాళ్లకు అది దాయాది భాష అని తెలియదు.

ఉక్కు పట్టణపు హిందీ

రోమన్ సైనికుల కాలనీల్లో ఇటలీ నలుమూలల యాసలూ కలిసి, ఎత్తుపల్లాలు అరిగి, ఒక నడిమి లాటిన్ తయారైంది. కాలనీ అన్న మాటే ‘కొలోనియ’ నుంచి వచ్చింది, జర్మనీలోని కొలోన్ నగరం పేరూ అదే. భిలాయ్ ఉక్కు కార్ఖానా కోసం 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించేసరికి, దుర్గ్ పక్కన పొలాల్లో అలాంటి కాలనీ ఒకటి లేచింది. అంకెలతో సెక్టార్లు, ఒకే తీరు క్వార్టర్లు, తెలుగు, ఒడియా, మలయాళం, బెంగాలీ, పంజాబీ, భోజ్‌పురి ఇళ్లు వరసగా. వీళ్లందరి నడుమా తిరిగింది ఎవరి ఊరిదీ కాని హిందీ. చుట్టూ ఉన్న ఛత్తీస్‌గఢీ ఆ హిందీకి రంగు వేసింది గానీ, కార్ఖానా గేటు లోపల పెద్దరికం పొందలేదు. ఇక్కడ పెరిగిన తెలుగు పిల్లలు హిందీ మాటకు తెలుగు ‘చేయు’ తగిలించి ‘సాఫ్ చెయ్యి’, ‘బంద్ చెయ్యి’ అంటారు. ‘హాబెయొ’ అతుక్కున్నది ఇలాంటి జాగాలోనే.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం 2000 నవంబర్ 1న ఏర్పడింది. 2007 నవంబర్ 28న శాసనసభ ఛత్తీస్‌గఢీని హిందీతో పాటు రాజభాష చేసింది. ఏటా ఆ తేదీని రాజభాషా దినంగా జరుపుతారు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో మాత్రం దానికి చోటు దొరకలేదు. 2011 జనాభా లెక్కల్లో 1 కోటి 62 లక్షల మంది తమ భాష ఛత్తీస్‌గఢీ అన్నారు, లెక్కలవాళ్లు దాన్ని హిందీ గంపలో వేశారు. రోమాన్సు భాషల్లో సార్డీనియన్‌ను చాలాకాలం ఇటాలియన్ యాసగా జమకట్టినట్టే. నూరుకు లాటిన్ మాటైన ‘కెంతుం’లోని ‘క’ను ఇటాలియన్ ‘చెంతొ’ పోగొట్టుకుంది. సార్డీనియా గొర్రెల కాపరి మాత్రం నేటికీ మందను ‘కెంతు’ అనే లెక్కపెడతాడు.